అప్పు కన్నా ముందు మనిషి

ఐదుగురు కలిసి ఒక గ్రూపు. వారం వారం మీటింగు. ముందు ఇద్దరికి అప్పు, వాళ్లు సక్రమంగా కడితే తర్వాతి వాళ్లకు. ఒకరు ఎగ్గొడితే మిగతా నలుగురి మెడకు చుట్టుకుంటుంది. ఇంతవరకూ చదవగానే తెలుగు పాఠకుడికి 2010 గుర్తుకు రావాలి. ఆ ఏడాది అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్లకు కళ్లెం వేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. వాకిట్లో కూర్చుని కదలని వసూలు ఏజెంట్లు, ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, పేపర్లలో ఆత్మహత్యల వార్తలు. గ్రూపు అప్పు అంటే మనవాళ్లలో ఇప్పటికీ ఒక జంకు ఉంది. అది ఊరికే వచ్చింది కాదు.

సరిగ్గా అదే ఏడాది, ఈ గ్రూపు అప్పుకు మూలమైన బంగ్లాదేశ్ గ్రామీణ్ బ్యాంకు అచ్చు పట్టుకుని, హంగేరీ ఈశాన్య మూలన కిఊట్ అనే సంస్థ రోమా (జిప్సీ) కుటుంబాలకు అప్పులివ్వడం మొదలుపెట్టింది. బయటికి దారి అని ఆ పేరుకు అర్థం. వ్యాపారవేత్త ఆంద్రాష్ పోల్గార్ చొరవతో 2009లో పుట్టిన లాభాపేక్ష లేని కంపెనీ అది. 2010 నుంచి 2012 దాకా యూరోపియన్ కమిషన్ పైలట్ పథకం కింద డబ్బు అందింది. హంగేరీ విజ్ఞానశాస్త్ర అకాడమీలో ఆర్థికవేత్తగా పనిచేసిన డ్యోర్జ్ మోల్నార్ దీని వెంట ఉండి, ఎక్కడ కుదిరిందో ఎక్కడ కుదరలేదో దాచకుండా రాస్తూ వచ్చాడు.

రోమాలకు వ్యాపార శిక్షణ అనే మాట మీద యూరప్‌లో చాలా ప్రాజెక్టులు నడిచాయి, నడుస్తున్నాయి. ఎక్కువ వాటి స్వరూపం మనకు తెలిసిందే. ఒక హాలు, ఒక ప్రొజెక్టరు, మూడు రోజుల క్లాసులు, మధ్యాహ్నం భోజనం, చివర్లో సర్టిఫికెట్టు, గ్రూప్ ఫోటో. పాల్గొన్నవాళ్ల సంఖ్య నివేదికలోకి ఎక్కుతుంది. పాల్గొన్న మనిషి మర్నాడు పొద్దున ఏం చేశాడన్నది ఎక్కడికీ ఎక్కదు. కిఊట్‌ను వీటి పక్కన పెట్టి చూస్తే ఆశయంలో పెద్ద తేడా కనిపించదు. తేడా అంతా పనితనంలో ఉంది. రెడీమేడ్ చొక్కాకూ కొలతలు తీసి కుట్టిన చొక్కాకూ ఉన్న తేడా అది. కుట్టు లోపలి వైపు తిప్పి చూస్తేగానీ తెలియదు.

ముందు ఆ నేల గురించి. సబోల్చ్-సత్మార్-బెరెగ్ జిల్లా ఉక్రెయిన్, రొమేనియా సరిహద్దులకు ఆనుకుని ఉంటుంది. టిసా నది, ఇసుక నేలలు, ఆపిల్ తోటలు. జిల్లా కేంద్రం న్యీరెజ్‌హాజా. కమ్యూనిస్టుల కాలంలో ఇక్కడి మగవాళ్లు ఆదివారం రాత్రి రైలెక్కి బుడాపెస్టు పోయేవాళ్లు. వారమంతా కట్టడాల దగ్గర పని, కార్మికుల హాస్టల్లో పడక, వారాంతంలో తిరుగు ప్రయాణం. ఆ రైళ్లకు నల్ల రైలు అని పేరు పడింది. పాల్ షిఫర్ 1970లో ఆ పేరుతోనే డాక్యుమెంటరీ తీశాడు. ఆ రైళ్లలో రోమాలు చాలామంది ఉండేవాళ్లు. సామాజికవేత్త ఇష్ట్వాన్ కేమేన్ 1971లో చేసిన సర్వేలో పనిచేసే వయసున్న రోమా మగవాళ్లలో దాదాపు 85 శాతం ఉద్యోగాల్లో ఉన్నారు. రోమాలు కాని మగవాళ్ల లెక్కకు అది దాదాపు సమానం. 1993లో మళ్లీ సర్వే చేసేసరికి మూడో వంతు కూడా మిగల్లేదు. పాలన మారింది, ఓజ్ద్ ఉక్కు కర్మాగారం లాంటివి మూతపడ్డాయి, కట్టడాల కంపెనీలు కూలీలను వదిలించుకున్నాయి. మొదట పోయినవి చదువు తక్కువ ఉన్నవాళ్ల ఉద్యోగాలు, వాటిలోనూ మొదట పోయినవి రోమాలవి.

పని చేయడం తెలియని జనం అని వాళ్ల మీద వేసే ముద్ర ఈ రెండు సర్వేల మధ్య ఎంత పలచనో చూడండి. తండ్రి పాతికేళ్లు ఫ్యాక్టరీ సైరనుకు లేచాడు. కొడుక్కి సైరనే లేదు.

(మన పత్రికలు జిప్సీలని రాసేది వీళ్లనే. వెయ్యేళ్ల కిందట భారత ఉపఖండపు వాయవ్యం నుంచి కదిలినవాళ్లని భాషాశాస్త్రం చెబుతుంది. లంబాడీలకూ వీళ్లకూ చుట్టరికం కలిపే ఉపన్యాసాలు మన దగ్గర అప్పుడప్పుడూ వినిపిస్తాయి. ఆ జోలికి నేను పోను. హంగేరీ రోమాల్లో అత్యధికుల మాతృభాష ఇప్పుడు హంగేరియనే.)

కిఊట్ పుట్టిన కాలం కూడా గుర్తుంచుకోవాలి. 2008, 2009లలో హంగేరీలో ఒక ముఠా రాత్రిపూట రోమాల ఇళ్ల మీద దాడులు చేసి ఆరుగురిని చంపింది. ఆ హత్యల్లో రెండు ఈ జిల్లాలోవే. ఒకటి టిసలోక్‌లో, ఒకటి కిష్లేటాలో. బ్యాంకు అప్పు, వ్యాపార ప్రణాళిక అనే మాటలు పట్టుకుని ఒక కొత్త మనిషి వాడలోకి అడుగుపెట్టినప్పుడు ఇంట్లోవాళ్లు తలుపు వెంటనే తీయకపోతే తప్పు పట్టలేం.

ఆ అడుగుపెట్టిన మనిషే ఈ పనికి ఇరుసు. క్షేత్ర కార్యకర్త అందాం. మన ఇందిరా క్రాంతి పథం (ఐకేపీ)లో కమ్యూనిటీ కోఆర్డినేటర్లు, యానిమేటర్లు ఉన్నట్టే. కార్యకర్త వాడకు పోతాడు, కాఫీ తాగుతాడు, వింటాడు. ఆ ఇంటివాళ్లు ఇప్పుడు ఏం చేసి బతుకుతున్నారో తెలుసుకుంటాడు. ఎవరూ ఊరికే కూర్చుని లేరు. ఒకాయన పాత ఇనుము ఏరి అమ్ముతాడు. ఒకావిడ ఇంటింటికీ తిరిగి బట్టలు అమ్ముతుంది. ఒకరు ఆపిల్ కోతలకు కూలికి పోతారు. ఏదీ కాగితం మీద లేదు, ఏదీ పన్నుల ఆఫీసుకు తెలియదు. అప్పు కావాలంటే ఊళ్లోనే వడ్డీ వ్యాపారి ఉన్నాడు. ఈ నెల తీసుకున్నదానికి వచ్చే నెల ఒకటిన్నర రెట్లు, కొన్నిచోట్ల రెండు రెట్లు. సామాజిక సాయం డబ్బు పోస్టులో వచ్చే రోజు వాడు గుమ్మం దగ్గర ఉంటాడు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన పని ఒకటి ఉంది. లెక్క. దాన్ని దగ్గరగా చూద్దాం. అంకెలు నేను వేసినవి, అప్పట్లో ఒక యూరోకు 280 ఫోరింట్ల దాకా వచ్చేవి.

సంతలో పాత బట్టలు అమ్మే మనిషి ఒక మూట 60 వేల ఫోరింట్లకు కొన్నాడు. రెండు వారాల్లో 90 వేలకు అమ్మాడు. 30 వేలు మిగిలింది అంటాడు. అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అలా నమ్ముతున్నాడు. కార్యకర్త వంటింటి బల్ల మీద నోటు పుస్తకం తెరుస్తాడు. కారు ఎవరిది? బావమరిదిది. పెట్రోలు ఎవరు పోశారు? నేనే. 8 వేలు రాసుకో. సంతలో చోటుకు ఎంత? 4 వేలు. అమ్మినదంతా చేతికొచ్చిందా? చిన్నమ్మ రెండు చలికోట్లు తీసుకుంది, పక్కింటివాళ్లు పిల్లల బూట్లు తీసుకున్నారు, ఇస్తారులే. ఎంత? ఓ 10 వేలు. ఇప్పుడు మిగిలింది 8 వేలు. నెలకు రెండు మూటలు తిప్పితే 16 వేలు. ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు అసలు ప్రశ్న. వ్యాపారం రిజిస్టరు చేయిస్తే నెల నెలా సామాజిక బీమా చందా కట్టాలి, బేరం జరిగినా జరగకపోయినా. ప్రభుత్వ సాయం ఆగిపోతుంది. కరెంటు బిల్లు పాత బాకీ ఉంటే కాగితం మీదికెక్కిన ఆదాయంలోంచి జప్తు మొదలవుతుంది.

అంటే ఆ మనిషి చట్టబద్ధంగా వ్యాపారి కావడానికి ఒప్పుకున్న రోజు నుంచి ఇప్పటికన్నా పేదవాడవుతాడు. కాకపోతే అప్పుడు చేతిలో ఒక రిజిస్ట్రేషన్ కాగితం ఉంటుంది.

చాలా శిక్షణ తరగతులు ఈ లెక్క వెయ్యవు. వేస్తే క్లాసు ఖాళీ అయిపోతుంది. వెయ్యకపోతే చేరినవాడు ఆరు నెలల్లో మునుగుతాడు. కిఊట్ దీన్ని మొదట్లోనే బల్ల మీద పెట్టింది. చట్టబద్ధంగానే చెయ్యాలి అన్న షరతును మాత్రం వదల్లేదు. దొంగచాటుగా నడిచే బేరానికి రేపనేది ఉండదనీ, అనారోగ్యం వచ్చినా ముసలితనం వచ్చినా ఆదుకునేది లేదనీ వాళ్ల వాదన. షరతు పెట్టినందుకు దాని బరువు కూడా తామే కొంత మోశారు. అకౌంట్లు రాయడం, ఫారాలు నింపడం, ఆఫీసుకు తోడు వెళ్లడం కార్యకర్త పనిలో భాగం. ఆఫీసు కిటికీ అవతల మనిషి రోమా మొహం చూసి రేపు రా అంటాడు. పక్కన ఇంకో మనిషి నిలబడి ఉంటే ఆ మాట అంత తేలిగ్గా అనలేడు. ఈ తోడు వెళ్లడం ఏ పాఠ్యప్రణాళికలోనూ ఉండదు, కానీ శిక్షణలో సగం అక్కడే జరుగుతుంది. మొదటిసారి కార్యకర్త మాట్లాడతాడు, రెండోసారి ఇద్దరూ మాట్లాడతారు, మూడోసారి కార్యకర్త బయట బెంచీ మీద కూర్చుంటాడు.

ఇక గ్రూపు సంగతి.

గ్రామీణ్ పద్ధతిలో గ్రూపు ప్రాణం. బంగ్లాదేశ్ పల్లెలో తాకట్టు పెట్టడానికి ఏమీ లేని ఆడవాళ్లకు ఇరుగుపొరుగు నమ్మకమే తాకట్టు. బ్యాంకు స్థాపకుడు యూనుస్‌కు 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చేనాటికే చాలా దేశాలు దాన్ని అరువు తెచ్చుకున్నాయి. కిఊట్ కూడా గ్రూపులతోనే మొదలుపెట్టింది. కానీ హంగేరీ ఊరి చివర రోమా వాడలో ఆ తాకట్టు చెల్లలేదు. ఊరి మిగతా జనంతో సంబంధాలు తెగిపోయి ఉన్న ఒకే వాడలో అందరి జేబులూ ఒకేసారి ఖాళీ అవుతాయి. ఒకడు కట్టలేని నెలలో రెండోవాడూ కట్టలేడు. గ్రూపులో ఉన్నది అన్నదమ్ములూ బావమరుదులూ. పైకం కోసం వాళ్ల మీద ఒత్తిడి పెడితే అప్పు వసూలు కాకపోగా చుట్టరికం చెడుతుంది. పెట్టకపోతే గ్రూపు ఉన్నా లేనట్టే. కష్టపడి కడుతున్నవాడికి మాత్రం పక్కవాడి బాకీ నెత్తిన పడుతుందన్న భయం మిగులుతుంది.

కిఊట్ గ్రూపు పద్ధతిని వదిలేసింది. చెప్పడానికి ఇది చిన్న మాట. గ్రామీణ్ పద్ధతికి పేరు తెచ్చిందే గ్రూపు. అలాంటిది పనికిరాదని తేలగానే విప్పి పక్కన పెట్టి, ఎందుకు పెట్టామో రాతపూర్వకంగా చెప్పారు. మన దగ్గర 2010కి ముందు ఎవరైనా ఇలా విప్పి చూసి ఉంటే బాగుండేది. ఇక్కడ గ్రూపు హామీని కంపెనీలు వసూలు యంత్రంగా వాడుకున్నాయి. ఏజెంటు ఒక్కడు వచ్చి ఐదిళ్లకు కోపం తెప్పించి పోతే చాలు, మిగతా పని ఆ ఐదిళ్లే చేసుకునేవి. అక్కడి కార్యకర్త కూడా ఇంటికి వారం వారం వచ్చేవాడే. రాకల సంఖ్య ఒకటే, వచ్చి చేసే పని వేరు.

తర్వాతి దశలో కిఊట్ దృష్టి దోసకాయల మీదికి మళ్లింది. కూరకు వాడే మన దోసకాయ అనుకోవద్దు, ఊరగాయ సీసాల్లో కనిపించే వేలెడంత గెర్కిన్. సబోల్చ్ ఇసుక నేలలకు అది అలవాటైన పంట, కొనడానికి ప్రాసెసింగ్ కంపెనీలు ఉన్నాయి. కుప్పం వైపు, కర్ణాటక సరిహద్దు మండలాల్లో ఈ పంట ఒప్పంద సేద్యంగా వేసిన రైతులకు దీని సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. విత్తనం కంపెనీదే, కొనేదీ కంపెనీయే, కాయ అంతా సీసాలకెక్కి విదేశాలకు పోతుంది, మన ఇంట్లో ఎవరూ తినరు.

వ్యాపార పాఠం చెప్పడానికి ఈ కాయ కన్నా మంచి మాస్టారు దొరకడం కష్టం.

మే నెలలో మొక్క నాటితే జూన్ చివర్లో కోత మొదలై సెప్టెంబరు దాకా సాగుతుంది. కోత అంటే ఒకసారి కోసి ఊరుకునేది కాదు. ప్రతిరోజూ కొయ్యాలి, మహా అయితే రోజు విడిచి రోజు. కాయకు ధర పొడవును బట్టి. మూడు నుంచి ఆరు సెంటీమీటర్ల కాయకు మంచి ధర, ఆరు నుంచి తొమ్మిది దాకా తక్కువ, తొమ్మిది దాటితే ఇంకా తక్కువ. వేసవి ఎండకు కాయ ఒక్క రాత్రిలో పై తరగతి నుంచి కింది తరగతికి జారిపోతుంది. నిన్న సాయంత్రం పెళ్లికి పోయి తోటలోకి దిగకపోతే ఈ పొద్దున తూకంలో ఎక్కువే వస్తుంది, రసీదులో డబ్బు తక్కువ పడుతుంది. బరువు పెరిగి డబ్బు తగ్గడం కళ్లతో చూసిన మనిషికి నాణ్యత, సమయపాలన, మార్కెట్ అని వేరే పలకమీద రాసి చూపించక్కర్లేదు.

తీగను నేల మీద పాకించవచ్చు. లేదా స్తంభాలు పాతి, వల కట్టి, పైకి ఎక్కించవచ్చు. పైకి ఎక్కిస్తే ఖర్చు ఎక్కువ, కానీ గాలి ఆడుతుంది, ఆకు తడి త్వరగా ఆరుతుంది, బూజు తెగులు తగ్గుతుంది, నడుం వంచకుండా కొయ్యొచ్చు. డ్రిప్పు పైపు వేస్తే నీళ్లు వేరుకే పోతాయి, ఎరువూ అందులోనే. అప్పు డబ్బు దేనికి పెట్టాలన్న ప్రశ్న ఇక్కడ కంటికి కనిపించే వస్తువులుగా మారుతుంది. వల కొనాలా వద్దా? పైపు ఈ ఏడాదా, వచ్చే ఏడాదా? వ్యవసాయం తెలిసిన సలహాదారు పక్కనుంటాడు. నిర్ణయం మాత్రం ఆ ఇంటిది.

ఇంకో రెండు సంగతులు దోసను ఎంచుకోవడంలోని తెలివిని చూపిస్తాయి. చిన్న వ్యవసాయ ఉత్పత్తిదారులకు హంగేరీలో అప్పట్లో వేరే గుర్తింపు కార్డు ఉండేది. దాని కింద పన్నులూ కాగితాలూ తేలిక. పైన చెప్పిన లెక్కలో వ్యాపారిని ముంచేసిన బరువు ఇక్కడ చాలా తగ్గుతుంది. చట్టాన్ని మార్చలేని సంస్థ చట్టంలో అప్పటికే ఉన్న తలుపు వెతికి పట్టుకుంది. రెండోది, కొనే మనిషి. రోమా ఆవిడ సంతలో బట్టలు పరిస్తే కొందరు దగ్గరికే రారు. దుకాణం తెరిస్తే ఊళ్లో సగంమంది ఆ వీధి మొహం చూడరు. దోసకాయను కొనేది కంపెనీ, ముందే రాసుకున్న ఒప్పందం మీద. తూకం కేంద్రంలో కాయలను పరిమాణాన్ని బట్టి వేరు చేస్తారు. అక్కడ వివక్ష అసలు ఉండదని నేననను, మనుషులున్న ప్రతిచోటా ఉంటుంది. కానీ ప్రతి బేరంలోనూ కొత్త మొహాన్ని ఒప్పించాల్సిన అవసరం తగ్గుతుంది. ఊళ్లో పరపతి లేని మనిషి మొదటి అడుగుకు ఇది చాలా పెద్ద వెసులుబాటు.

డబ్బు వచ్చే తీరు కూడా గమనించాలి. సీజన్‌లో కొద్ది రోజులకోసారి రాబడి. వాయిదా కట్టాక చేతిలో ఎంతో కొంత మిగులుతుంది. ఇంటిల్లిపాదీ తోటలో ఉంటారు. కోసిన చేతులకూ లెక్క రాసిన చేతికీ మధ్య గోడ లేదు. అమ్మ రసీదులు దాస్తుంది, స్కూలుకు పోయే పిల్ల కూడికలు వేస్తుంది. ఆడవాళ్ల స్థితి మెరుగుపరచడం కిఊట్ మొదటినుంచీ పెట్టుకున్న లక్ష్యాల్లో ఒకటి. రసీదులు ఎవరి దగ్గరున్నాయన్న చిన్న విషయంలో అది మొదలవుతుందని నేననుకుంటాను.

రొమేనియాలో ఇంకో రకం పని జరిగింది. దాని గురించి కొంచెమైనా చెప్పకపోతే రోమాలంటే చేతిలో విద్య లేనివాళ్లు అనే అపోహ మిగులుతుంది. సిబియు జిల్లాలో బ్రాటెయు అనే ఊరుంది. కల్దెరాష్ రోమాల రాగి పనికి పేరున్న ఊరు. రోడ్డు పక్కన రాగి కాగులు, ప్లమ్ సారా కాచే బట్టీ పాత్రలు వరసగా పెట్టి అమ్ముతారు. రాగి రేకు సుత్తి దెబ్బ పడేకొద్దీ గట్టిపడుతుంది. ఇంకా కొడితే పగులుతుంది. అందుకని ఎర్రగా కాల్చి, చల్లార్చి, మెత్తబడ్డాక మళ్లీ కొట్టాలి. ఎన్నో దెబ్బకు ఆపి కాల్చాలో సుత్తి మోతలోనే వినిపిస్తుంది వాళ్లకు. లోపల తగరం కళాయి, బయట వరసలు తప్పని సుత్తి గుర్తులు. ఇంత పనితనం ఉన్నవాళ్లకు లేనిదల్లా కొనేవాళ్లు. స్టీలూ ప్లాస్టిక్కూ వచ్చాక కాగు ఎవరికి కావాలి?

మెష్తెషుకార్ బుటిక్ అని బుకారెస్టులో మొదలైన ఒక సామాజిక సంస్థ ఇక్కడ పూనుకుంది. అది పనివాళ్లకు పని నేర్పలేదు, ఆ తెలివి దానికుంది. నాజా జెరూనియన్, పీటర్ వైస్ అనే డిజైనర్లను పనివాళ్ల పక్కన కూర్చోబెట్టింది. పద్ధతి పాతదే, వస్తువు మారింది. పెరట్లో పెట్టే కాగు బదులు నగరంలో బల్ల మీద పెట్టుకునే గిన్నె, పళ్లెం. సుత్తి గుర్తును దాచకుండా అదే అందంగా చూపించారు. రాగి పనివాళ్లతో పాటు వెండి పని, చెక్క పని చేసే కుటుంబాలు కూడా ఇందులో ఉన్నాయి. ఆ వస్తువులు వియన్నాలో డిజైన్ ప్రదర్శనకు వెళ్లాయి. కిఊట్ దగ్గరకు వచ్చిన మనిషికి తోటా, కొనేవాడూ, లెక్కా అన్నీ సమకూర్చాల్సి వచ్చింది. బ్రాటెయు మనిషికి బజారు ఒక్కటి చూపిస్తే చాలు. ఇద్దరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్పే శిక్షణల మీద నాకున్న కోపం అందుకే.

మళ్లీ హంగేరీకి. మెచ్చుకుంటూ రాస్తున్నానని ఖర్చు సంగతి దాటేస్తే అన్యాయం. కిఊట్ ఇచ్చిన అప్పుల మీద వచ్చే వడ్డీ కార్యకర్తల జీతాలకు ఏ మూలకూ సరిపోదు. మైక్రోఫైనాన్స్ తన కాళ్ల మీద తాను నిలబడాలి అనేవాళ్లకు ఇది ఓటమిలా కనిపిస్తుంది. నాకు అలా కనిపించదు. మనిషి వెంట మనిషి తిరగడానికి అయ్యే ఖర్చు ఇది, ఎక్కడో ఒకచోట కట్టక తప్పదు. మన దగ్గర కంపెనీలు దాన్ని ఎగ్గొట్టాయి. శిక్షణ, సలహా, లెక్కల సాయం ఏదీ లేకుండా అప్పు మాత్రమే ఇచ్చి లాభాల్లోకి వచ్చాయి. ఆ ఖర్చును చివరికి ఎవరు కట్టారో 2010 చెప్పింది. అయితే దానం మీదా ప్రాజెక్టు డబ్బు మీదా నడిచే సంస్థ పెద్దగా విస్తరించలేదన్నదీ నిజమే. యూరప్ ప్రాజెక్టు డబ్బు రెండేళ్ల గడువుతోనో మూడేళ్ల గడువుతోనో వస్తుంది. దోస తోటలో నష్టపోయిన కుటుంబం తేరుకుని ఇంకో పంట వేసేలోపే నివేదిక గడువు వచ్చేస్తుంది.

ప్రభుత్వం అదే సమయంలో ఇంకో దారి పట్టింది. 2011లో హంగేరీ నిరుద్యోగ భృతి గడువును గరిష్ఠంగా 90 రోజులకు కుదించి, ప్రభుత్వ పనుల పథకాన్ని భారీగా పెంచింది. ఊరి కాలవలు తియ్యడం, రోడ్డు పక్క గడ్డి కొయ్యడం. కూలి కనీస వేతనం కన్నా తక్కువ. మన ఉపాధి హామీలాంటిదే కదా అనిపిస్తుంది కానీ, ఉపాధి హామీని అడిగి తీసుకునే హక్కు మనకు చట్టంలో రాసి ఉంది. అక్కడ పని ఎవరికి ఇవ్వాలో మేయరు మాట మీద ఆధారపడి ఉంటుంది. మేయరు చేతిలో రోజు కూలి ఉన్న మనిషి సొంత తోట వేస్తానని ఆయన ముందు నిలబడటానికి ధైర్యం కావాలి. వ్యాపార శిక్షణ పుస్తకాల్లో రిస్కు అని ఒక అధ్యాయం ఉంటుంది. ఈ రకం రిస్కు అందులో కనిపించదు.

అందరూ నిలబడలేదు కూడా. వడగళ్లు పడ్డాయి, తెగులు వచ్చింది, ఇంట్లో రోగం వచ్చి అప్పు డబ్బు ఆసుపత్రికి పోయింది, కొందరు ఇంగ్లండుకో జర్మనీకో వలస పోయారు. పైగా ప్రతి మనిషీ వ్యాపారి కావాలనుకోవడం పేదల మీద మాత్రమే రుద్దే విచిత్రమైన కోరిక. మధ్యతరగతిలో నూటికి తొంభైమంది నెల జీతం కోరుకుంటారు. రోమా వాడలో మాత్రం ప్రతి ఒక్కరిలోనూ ఒక పారిశ్రామికవేత్త దాగి ఉన్నాడని ప్రాజెక్టు కాగితాలు రాస్తాయి.

కిఊట్ ఈ సంగతిని కూడా గుర్తించింది. తర్వాతి సంవత్సరాల్లో సొంత వ్యాపారం పొసగని వాళ్లను ఉద్యోగాల్లో చేర్పించే విభాగం ఒకటి తెరిచింది. చేర్పించి చేతులు దులుపుకోవడం కాదు, చేరాక నిలబడేదాకా వెంట ఉండటం ఆ పని. మొదటి నెలే గండం. జీతం నెలాఖరుకు గానీ రాదు, బస్సు చార్జీ మాత్రం రేపు పొద్దున్నే కావాలి. పాతికేళ్లుగా ఇంట్లో ఎవరూ షిఫ్టు డ్యూటీ చెయ్యలేదు, పిల్లల్ని తెల్లారుజామున ఎవరికి అప్పగించాలో తెలియదు. సూపర్‌వైజరు ఒక మాట అన్నాడంటే అది పనికి అన్నాడో పుట్టుకకు అన్నాడో తేల్చుకోవడం కష్టం. ఇలాంటివి మాట్లాడి తేల్చడానికి సంస్థ మనిషి అటు ఆ ఇంటికీ ఇటు ఫ్యాక్టరీకీ తిరుగుతుంటాడు. ఇందులో అప్పు ఊసే లేదు.